చెప్పని చోట గాలిమరలు

పాలెం, రేపల్లె తాలూకా
18-2-2025, మంగళవారం

జ్యోతీ,

మీ మామయ్య హనుమయ్య రాస్తున్నాడు. మీ అమ్మ ఒంట్లో బాగుందనుకుంటాను. మీ అత్తయ్య మోకాళ్లు అలాగే ఉన్నాయి, నోరూ అలాగే ఉంది.

ఫోను చేయకుండా ఉత్తరం ఏంటని అడగకు. ఫోనులో అయితే నువ్వు మధ్యలో మాట అందుకుంటావు. నాకు ఒక చెవి ఎలాగూ పని చెయ్యదు. చివరికి నువ్వు చెప్పిందే మిగులుతుంది. కాగితం మీద అయితే నేను ముగించేదాకా నువ్వు ఊరుకోక తప్పదు. ఈ అక్షరాలు నువ్వు పెట్టిన భిక్షే. మా ఇంట్లో ఉండి బడికి పోయే రోజుల్లో, నీ పలక నా ఒళ్లో పెట్టి, వల అల్లే చేత్తో దిద్దించావు. అందుకని ఒత్తులు ఎక్కడన్నా తప్పితే ఆ తప్పు నీదే.

ఇక సంగతికి వస్తాను. మొన్న మావాడు బాబీ, నేనూ వేటకు పోయాం. మేం ఎప్పుడూ పోయే చోట పసుపు రంగు పీపా ఒకటి నీళ్ల మీద ఊగుతోంది. పీపా అంటే ఇంట్లో పీపా కాదు, చిన్న లారీ అంత ఉంది. నెత్తిన దీపం, ఏదో మిషను, సోలారు పలకలు. దగ్గరికి పోదామనుకుంటే కాపలా బోటు అడ్డం వచ్చింది. అందులో ఉన్నవాడు, "పెద్దాయనా, పక్కకు పోనియ్యండి. ఇది గాలిని కొలిచే మిషను. రేపు ఇక్కడ గాలిమరలు వస్తాయి" అన్నాడు. సముద్రం నడుమ గాలిమరలేంటయ్యా అంటే, మీ పంచాయతీ ఆఫీసులో మ్యాపు అంటించారు, పోయి చూసుకోండి అన్నాడు.

పోయి చూశాను. నీలం కాగితం మీద గులాబీ రంగు గడి. గుమస్తా చదివి చెప్పాడు. ఆ గడిలో చేపల వేట లేదు అని రాసి ఉందట. కింద రిపోర్టు రాసింది బాపట్లలో నువ్వు పని చేసే ఆఫీసేనట. పేర్లలో నీ పేరు ఉందట. చదివి, వాడు నా మొహం చూశాడు. నేను మ్యాపు చూశాను.

ఇంత సముద్రం ఉంది. ఇదంతా వదిలేసి ఆ ఒక్క చోటే నీకెలా దొరికింది? ఆ చోటు తెలిసినవాళ్లం ఇద్దరం. నేనూ, మీ నాన్నా. బాబీ నా కొడుకే అయినా, పడవ వాడి చేతికి ఇచ్చాకే చూపించాను. మీ నాన్న పోయేముందు నీకు చెప్పి ఉంటాడు. తండ్రి కూతురికి చెప్పుకోవటం తప్పు కాదు. ఆ కూతురు దాన్ని పట్టుకుపోయి కంపెనీకి చెప్పటం తప్పు.

గంగరత్నం రేపు చేపల బుట్టతో రేపల్లె రైలెక్కి మీ తెనాలి మార్కెట్టుకు వస్తోంది. ఈ ఉత్తరం, ఒక వంజరం ఆమెకిచ్చి పంపుతున్నాను. కోపం నీ మీద, మీ అమ్మ మీద కాదు. మీ అమ్మ వండితే నువ్వు కూడా తిను.

జవాబు కాగితం మీదే రాయాలి.

హనుమయ్య


తెనాలి
20-2-2025

మామయ్యా,

ఉత్తరం, వంజరం రెండూ అందాయి. రెండిటికీ ఒకటే వాసన. "మీ మామ ఉత్తరం రాశాడంటే నీకేదో ఆస్తి రాసినట్టే" అని గంగరత్నం పిన్ని నవ్వుతూ ఇచ్చిపోయింది. అమ్మ పులుసు పెట్టింది. నేను ముందు ఉత్తరం చదివి తర్వాత అన్నానికి కూర్చున్నాను. అలా చేయకుండా ఉండాల్సింది.

నువ్వు అంటున్న చోటు ఏదో నాకు తెలియదు. నాన్న నాకు ఏ చోటూ చెప్పలేదు. ఇది ఒకటికి రెండుసార్లు చదువుకో.

నా పని ఏంటో నీకు ఎప్పుడూ సరిగ్గా చెప్పినట్టు లేను. రోజూ తెనాలిలో రైలెక్కి బాపట్లలో దిగి, కంప్యూటరు ముందు కూర్చుంటాను. అందులో సముద్రాన్ని గడులు గడులుగా గీసి ఉంటుంది. ఏ గడిలో గాలి ఎంత, లోతు ఎంత, ఓడలు ఎటు పోతాయి, పక్షులు ఎటు ఎగురుతాయి, నేవీ వాళ్లు వద్దనే చోటు ఏది, ఎవరు ఎక్కడ వేటాడతారు, ఇవన్నీ నింపుతాం. గాలి బాగుండి, లోతు తక్కువై, ఎవరికీ అడ్డం రాని గడి కావాలి. అన్నీ కుదిరింది ఆ గులాబీ గడి ఒక్కటే. అంతకు మించి దాని మీద నాకు ప్రేమా లేదు, పగా లేదు.

వేట సంగతి ఎలా తెలుసుకున్నామంటావా. పోయినేడాది వేసవిలో, వేట నిషేధం అప్పుడు, అందరూ ఒడ్డునే ఉంటారని మా వాళ్లు ఊరూరూ తిరిగి అడిగారు. మీ పాలెంలో అడిగారు. కాలవతల పాలెంలో అడిగారు. ఆ గడిలోకి మేం పోమని రెండు ఊళ్లూ చెప్పాయి. మీ రెండు ఊళ్ల సంగతి నాకు తెలియనిదా మామయ్యా. ఏ విషయంలోనన్నా ఒక మాట మీద ఉన్నారా? అమ్మవారి పేరున వల ముట్టని రోజు కూడా మీకు మంగళవారం, వాళ్లకు శుక్రవారం. అలాంటి రెండు ఊళ్లూ ఒకే జవాబు చెప్పేసరికి, ఇక దీనికి తిరుగులేదు అనుకున్నాను.

నువ్వు పోయే చోటు నిజంగా అదే అయితే అప్పుడే ఎందుకు చెప్పలేదు? లేకపోతే ఈ గాలిమరలే నీకు నచ్చలేదా? నేను ఇలాంటి ఆఫీసులో చేరటం నీకు మొదటి నుంచీ ఇష్టం లేదు. ఉంటే ఆ మాట సూటిగా రాయి. నా ఉద్యోగం మీద కోపం తెచ్చి చనిపోయిన నాన్న మీద పెట్టకు.

అత్తయ్యకు మోకాళ్లకు రాసుకునే మందు పంపుతున్నాను. నోటికి మందు తెనాలిలో కూడా దొరకలేదు.

జ్యోతిలక్ష్మి


పాలెం
25-2-2025, మంగళవారం

జ్యోతీ,

సూటిగా రాయమన్నావు. నేను వంకరగా మాట్లాడింది ఎప్పుడు?

గాలిమరల మీద నాకు కోపం లేదు. మా తాత పొద్దున్నే లేచి మొహం కడుక్కోకముందు గాలి చూసేవాడు. గాలి బాగుంటే తెరచాప ఎత్తేవాడు, లేకపోతే మళ్లీ పడుకునేవాడు. ఇప్పుడు మోటార్లు వచ్చి గాలిని ఎవరూ పట్టించుకోవటం లేదు. దాన్ని పనిలో పెడతామంటే నేనెందుకు వద్దంటాను? కరెంటు పోతే ఐసు కరిగేది మా చేప కిందే. నీ ఉద్యోగం మీదా కోపం లేదు. ఫ్యాను కింద కూర్చుని సముద్రం మీద పని చేసేవాళ్లను నేను ఎక్కడా చూడలేదు, అంతే.

నా కోపం చోటు మీద. మీ నాన్న చెప్పలేదంటున్నావు. సరే, అయితే ఇప్పుడు నేను చెబుతున్నాను, విను.

నువ్వు అప్పుడు చంటిపిల్లవి. నేనూ మీ నాన్నా ఒకే పడవలో పోయేవాళ్లం. ఒకరోజు ఒడ్డు కనపడకుండా పోయాక, ఇంకా చాలా దూరం పోయి వల వేస్తే, అది దేనికో పట్టుకుని నిలువునా చిరిగింది. మన సముద్రం అడుగంతా బురద. బురదలో వల ఎందుకు చిరుగుతుంది? మీ నాన్న తాడుకు సీసం గుండు కట్టి దించాడు. గుండు మెత్తగా దిగబడలేదు. తాడు చేతికి గట్టిగా కొట్టింది. కింద రాయి. పాతకాలం ఓడ ఏదో మునిగి ఉంటుందని నేనంటాను, కాదు రాయేనని ఆయన. పోయేదాకా ఆ తగువు తేలలేదు. ఏదైతేనేం, అలాంటి చోట చేప ఆగుతుంది. మన రెండిళ్ల పొయ్యిలూ దాని మీదే వెలిగాయి. నువ్వు చదివిన చదువు కూడా ఆ రాయి మీదే నడిచింది.

ఆ చోటుకు ఒకటే జబ్బు. బుధవారం చేప పలచగా ఉంటుంది. మంగళవారం మనం వల ముట్టం కదా, ఒకరోజు విడిచి పోతే చేప ఎక్కువ ఉండాలి. ఉండదు. దీనికి మీ నాన్న ఒక కథ చెప్పేవాడు. మంగళవారం అమ్మవారి రోజు, మనలాగే చేప కూడా పండగ చేసుకుని కడుపునిండా తిని, బుధవారం పొద్దెక్కేదాకా పడుకుంటుందట. ఆ మాట చెప్పి ఆయన కూడా పడవలో పడుకునేవాడు.

ఇక పోయినేడాది సంగతి. టోపీ పెట్టుకున్న అమ్మాయి ఒకతె వచ్చింది. నేను ఒడ్డున వల బాగుచేసుకుంటున్నాను. చేతిలో పలకలాంటి కంప్యూటరు చూపించి, "తాతగారూ, ఇటువైపు వెళ్తారా అండి" అంది. "అక్కడేముందమ్మా, బురద. చేప కాదు కదా, ఎండ్రకాయ కూడా ఉండదు" అన్నాను.

అప్పుడే ఎందుకు చెప్పలేదని అడిగావు. చేప ఎక్కడుందని అడిగితే వేటగాడు ఎవడన్నా చెబుతాడా? తోడబుట్టినవాడు అడిగినా నేను అదే చెబుతాను. అడిగినవాడికీ తెలుసు, నవ్వుకుని పోతాడు. పాలెంలో పుట్టినవాడు పాలెంలో పుట్టినవాడికి చెప్పే జవాబు అది. ఆ పిల్ల నవ్వలేదు. రాసుకుని పోయింది.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది చిన్న పని. ఆ గడిని కాస్త పక్కకు జరుపు. కంప్యూటరులో గీతే కదా. ఎందుకు జరిపావంటే ఏదో ఒకటి చెప్పు. రాయి మాట మాత్రం ఎత్తకు. ఈ ఉత్తరం చదివాక చించెయ్.

మందు రాసుకుంటే మీ అత్తయ్యకు కాస్త నయంగా ఉంది. నోటి సంగతి నువ్వు రాసింది చదివి వినిపించాను. అందుకని ఈ వారం చేప పంపనివ్వలేదు.

మీ మామయ్య


బాపట్ల
1-3-2025

మామయ్యా,

ఉత్తరం చించలేదు. పైగా చాలాసార్లు చదివాను. ఇప్పుడు ఆఫీసులో అందరూ భోజనానికి పోతే కూర్చుని రాస్తున్నాను.

నువ్వు చెప్పిన ఆ టోపీ అమ్మాయి పేరు మాధురి. బాగా పని చేస్తుంది. ఎవరు ఏమన్నా అన్నది అన్నట్టే ఎక్కిస్తుంది. అందులో పేర్లు ఉండవు, ఊరు, వయసు, చెప్పిన మాట, అంతే. మీ పాలెం కింద ఒక పెద్దాయన మాట ఉంది. 'బురద, ఎండ్రకాయ కూడా ఉండదు.' అది చదివి నేను ఒక్కదాన్నే నవ్వుకున్నాను. పేరు లేకపోతే మాత్రం ఆ గొంతు నాకు తెలియదా? మా మామయ్యే చెప్పాడు, ఇక చూసుకోనక్కర్లేదు అనుకున్నాను. అనుమానం ఉన్న గడుల గురించి మళ్లీ మనుషుల్ని పంపి అడిగించాను. ఆ గడి గురించి అడిగించలేదు.

నువ్వు నాతో ఎప్పుడూ అబద్ధం ఆడలేదు మామయ్యా. ఇదీ నాతో ఆడింది కాదు, నాకు తెలుసు. కాని వచ్చి చేరింది నా దగ్గరికే.

గీత జరపమన్నావు. అది నా ఒక్కదాని చేతిలో లేదు. రిపోర్టు చాలా ఆఫీసులకు వెళ్లింది. సముద్రాన్ని లీజుకిచ్చేది ఢిల్లీ వాళ్లు. తీరం సంగతి ఒకరు చూస్తారు, చేపల సంగతి ఒకరు, ఓడల సంగతి ఒకరు. పోనీ జరిపాననుకో. పక్కకు జరిపితే ఇంకెవరి రాయి మీద పడుతుందో. వాళ్లు కూడా ఎండ్రకాయ లేదనే చెప్పి ఉంటారు కదా.

పొలం అయితే పాసుపుస్తకం ఉంటుంది, సర్వే నంబరు ఉంటుంది. ఒకడు వచ్చి ఇక్కడ ఎవరూ లేరంటే కాగితం తీసి చూపిస్తాం. సముద్రానికి నంబరు లేదు. అక్కడ ఎవరు బతుకుతున్నారో వాళ్లు నోరు తెరిచి చెప్పిందే కాగితం. చెప్పకపోతే లేనట్టే. ఈ పద్ధతి మంచిదని నేను అనటం లేదు. ఇప్పుడున్నది ఇదే.

మార్చి 20, గురువారం, రేపల్లెలో కళ్యాణమండపంలో ప్రజాభిప్రాయ సేకరణ పెడుతున్నారు. ఎవరైనా లేచి మాట్లాడొచ్చు. చెప్పిన ప్రతి మాటా రాసుకుని దానికి జవాబు ఇచ్చి తీరాలి. అక్కడ చెప్పకపోతే తర్వాత అనుమతి వస్తుంది, స్తంభాలు దిగుతాయి, ఒక్కో మర చుట్టూ అయిదు వందల మీటర్ల దాకా పడవ రాకూడదంటారు. అప్పుడు చెప్పినా వినేవాళ్లుండరు. నువ్వు వచ్చి మైకులో చెప్పు మామయ్యా.

ఇంకొక్క మాట. నాన్న ఆసుపత్రిలో ఉన్న చివరి రోజుల్లో సముద్రం కబుర్లే చెప్పేవాడు. ఒకసారి, "అంత చేప ఎక్కడ పట్టేవాళ్లు నాన్నా" అని అడిగాను. గోడ వైపు తిరిగి, "మీ మామయ్యను అడుగు" అన్నాడు. అంతే. నువ్వు రాసేదాకా ఆ రాయి ఉన్నట్టే నాకు తెలియదు.

జ్యోతి


పాలెం
4-3-2025, మంగళవారం

జ్యోతీ,

"మీ మామయ్యను అడుగు" అన్నాడని రాశావు. ఆ ముక్క దగ్గర కాగితం పక్కన పెట్టి ఒడ్డుకు పోయి కూర్చున్నాను. మీ అత్తయ్య వచ్చి, అన్నం చల్లారిపోతోంది, ఉత్తరంలో ఎవరన్నా పోయారా ఏంటి అని అడిగింది. నేను ఆయన్ని అనుమానించిన సంగతి మీ అమ్మకు చెప్పకు. అంతకంటే దీని గురించి రాయను.

మైకు దగ్గరికి రాను.

ఆ మండపంలో ఎవరుంటారు? అన్ని పాలేల వాళ్లూ ఉంటారు. కాలవతల పాలెంలో మనకు మొదటి నుంచీ పడని గంగాధరరావు ముందు వరసలో కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. వాడి ముందు లేచి, మా ఇంట్లో బంగారం ఫలానా చోట పెట్టాం అని చెప్పమంటున్నావు. చెబితే గాలిమరలు రావు, తెల్లారేసరికి పడవలు వస్తాయి. చెప్పకపోతే పడవలు రావు, గాలిమరలు వస్తాయి. ఎటు చూసినా పోయేది నా చోటే. నోరు మూసుకుంటే కనీసం పోగొట్టుకున్నానని ఎవడికీ తెలియదు.

సముద్రానికి పాసుపుస్తకం లేదని నువ్వు నాకు చెబుతున్నావు. లేదు గనకే దాస్తాం. ఆ దాచుకోవటమే మా పాసుపుస్తకం. మీ ఆఫీసు వాళ్లు వచ్చి ముందు దాన్ని చించి ఇవ్వు, తర్వాత కొత్తది రాసిస్తాం అంటే ఎవడిస్తాడు?

మీ అత్తయ్య ఒక మాట అంది. రిపోర్టులో తప్పు ఉందని తేలితే నీ ఉద్యోగానికి ఇబ్బంది అట. తప్పు నాదేనని నేను అందరి ముందూ ఒప్పుకుంటే నీ మీదికి రాదట. అందుకే నన్ను అంతగా రమ్మంటున్నావట. నిజమేనా? నిజమైతే తిప్పి తిప్పి రాయకు. నాకోసం అయితే రాను. నీకోసం అయితే చొక్కా తొడుక్కుని వస్తాను.

హనుమయ్య


తెనాలి
9-3-2025

మామయ్యా,

అత్తయ్యకు చెప్పు, తల్లకిందులుగా ఊహించింది. నువ్వు వచ్చి చెబితేనే నా రిపోర్టు తప్పని తేలేది. నువ్వు రాకపోతే నా పని చక్కగా ఉన్నట్టే. అయినా రమ్మన్నాను.

ఇక ఆ అవసరం కూడా లేదు. మా సారుకు నేనే చెప్పేశాను. ఆ గడి గురించి మాట చెప్పినవాళ్లలో నా మేనమామ ఉన్నాడని, ఆయన మాట మీద నమ్మకంతో రెండోసారి అడిగించలేదని. రాయి సంగతి చెప్పలేదు. అది చెప్పే హక్కు నాకు లేదు. ఆయన కేకలేమీ వెయ్యలేదు. బంధువులున్న ఊరి పని నాకు అప్పజెప్పటం తమ పొరపాటేనన్నారు. నన్ను ఆ పని నుంచి తప్పించి వేటపాలెం పంపుతున్నారు. జీడిపప్పు ఒలిచే ఆడవాళ్ల గురించి సర్వే. 20న రేపల్లె మీటింగుకు నేను రాకూడదు.

కాబట్టి నాకోసం చొక్కా తొడుక్కోవద్దు. వంజరం కూడా పంపకు.

ఒక్క సంగతి మాత్రం రాసి ఊరుకుంటాను. నువ్వూ నాన్నా బాగా దాచారు. ఎంత బాగా దాచారంటే, రేపు అనుమతి కాగితాల్లో అక్కడ రాయి లేదు, చేప లేదు. నాన్న ఎప్పుడూ అక్కడికి పోలేదు. నేను ఏ చేప తిని పెరిగానో అది పట్టిన చోటు ఈ లోకంలో లేదు. నా చేత్తో నేనే అలా రాశాను.

జ్యోతి


పాలెం
26-3-2025, బుధవారం

జ్యోతీ,

ఎప్పుడూ మంగళవారం రాసేవాణ్ణి. ఈసారి బుధవారం రాస్తున్నాను. ఎందుకో చివర్లో నీకే తెలుస్తుంది.

వంజరం పంపొద్దన్నావు. ఇక మన చేప తినదా ఈ పిల్ల అని నేనూ మీ అత్తయ్యా నాలుగు రోజులు మాట్లాడుకోలేదు. తప్పు నీదంటే నీదని. గంగరత్నం మీ తలుపు తట్టి కనుక్కుని వచ్చి, "ఆ పిల్ల వేటపాలెం నుంచి వచ్చేసరికి పొద్దుపోతోంది, మీ చెల్లెలు ఒక్కతే తినాల్సి వస్తోందని వద్దంది, మీ మొహాలు" అని చీవాట్లు పెట్టింది. ఆ ముక్క రాస్తే నీ సొమ్మేం పోయింది?

ఇక రేపల్లె సంగతి. పోయాను. నీకోసం కాదు, నాకోసమూ కాదు. మీ నాన్న అక్కడికి ఎప్పుడూ పోలేదని కాగితంలో ఉంటుందని రాశావు చూడు, ఆ ముక్క నన్ను కూర్చోనివ్వలేదు. బాబీ బండి వెనక కూర్చుని పోయాను. మీ అత్తయ్య తెల్ల చొక్కా ఇస్త్రీ చేయించింది.

మండపం నిండా జనం. ముందు కంపెనీ వాళ్లు తెర మీద సినిమా వేశారు. నీలం సముద్రం, తెల్ల మరలు, పైన కొంగలు. ఒక్క పడవ లేదు. తర్వాత నాయకులు మాట్లాడారు. మాస్టరు ఒకాయన లేచి, పక్షుల గురించి నిజంగా మంచి ప్రశ్న వేశాడు. కొంతమంది మా పిల్లలకు ఉద్యోగాలిస్తారా అని అడిగారు. అడగటం తప్పు కాదు. ఆ తర్వాత పులిహోర పొట్లాలు వచ్చాయి, సగం మంది వాటి కోసం లేచారు. అప్పుడు నేను మైకు దగ్గరికి పోయాను.

"నా పేరు హనుమయ్య అండి. ఆ గులాబీ గడిలో నేను వేటాడతానండి. కింద రాయి ఉందండి. మా బావ కనిపెట్టాడండి" అన్నాను.

కలెక్టరాఫీసు నుంచి వచ్చిన సారు కాగితాలు తిరగేశాడు. "అక్కడ వేట లేదని పోయినేడాది మీ ఊరివాళ్లే చెప్పారు కదండీ."

"మా ఊరివాళ్లు కాదండి, నేనే చెప్పానండి."

"మరి ఇప్పుడు ఉందంటున్నారు?"

"అప్పుడూ ఉందండి."

"మరి అబద్ధం ఎందుకు చెప్పారు పెద్దాయనా?"

"సార్, దారిన పోయేవాళ్లు వచ్చి మీ బీరువా తాళం ఎక్కడ పెడతారని అడిగితే మీరు చెబుతారా అండి?"

వెనక ఎవరో నవ్వారు. సారు కూడా నవ్వు ఆపుకున్నాడు. "మరి ఇవాళ ఎందుకు చెబుతున్నారు?"

"ఇవాళ బీరువానే పట్టుకుపోతామంటున్నారు కదండి."

దాంతో మండపం అంతా గోలెత్తింది. అది సద్దుమణిగాక, సారు పక్కనున్న కంపెనీ అతను అన్నాడు, ఒక్క మనిషి మాట మీద ఇంత పెద్ద పనిని ఆపలేం, సాక్ష్యం కావాలి అని. అతను మర్యాదగానే అన్నాడు. నా దగ్గర సాక్ష్యం ఏముంది? ఉన్న ఒక్క సాక్షీ మీ నాన్న. చోటు చెప్పేశాను, చెప్పింది పనికి రాలేదు. ఆ కాసేపూ నా పరిస్థితి పగవాడికి కూడా వద్దు.

అప్పుడు ఆ పగవాడే లేచాడు. ముందు వరసలోంచి. గంగాధరరావు.

"ఆ పెద్దాయన చెప్పింది నిజమేనండి. అక్కడ రాయి ఉందండి. నా వల కూడా చిరిగిందండి" అన్నాడు.

నాకు ముందు అర్థం కాలేదు. తర్వాత అర్థమైంది. "నీ వలకు అక్కడేం పనిరా?" అన్నాను. మైకు నా చేతిలోనే ఉంది, అందరికీ వినపడింది.

"మంగళవారం మంగళవారం పోతానన్నా. ఆ రోజు మీరు వల ముట్టరు కదా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మీ బావ ఉన్నప్పటి నుంచీ."

"మరి పోయినేడాది వీళ్లొచ్చి అడిగితే ఏం చెప్పావు?"

"నువ్వేం చెప్పావో నేనూ అదే చెప్పానన్నా. బురదని."

దొంగసచ్చినోడా అన్నాను. అదీ మైకులోనే పోయింది. రాసుకునే అమ్మాయి పెన్ను ఆపి సారు వైపు చూసింది. అది వద్దులే అన్నట్టు ఆయన చెయ్యి ఊపాడు.

ఒకరోజూ రెండ్రోజులూ కాదు జ్యోతీ. వారంలో ఒక రోజు వాడిది, మిగతా రోజులు మాది. మాకు తెలియదు, వాడికి తెలుసు. నాలుగు మాటలు అనిపించుకోకుండా చేపలు తెచ్చుకునే దారి అదేనని వాడు నోరు మూసుకున్నాడు. మేం మూసుకున్నట్టే. ఒకే బీరువాకు రెండు తాళాలు పెట్టి ఇద్దరం కాపలా కాశాం.

ఇంకా ఎవరన్నా అక్కడికి పోతారా అని సారు మైకులో అడిగాడు. ఎవరూ లేవలేదు. ఆ లేవకపోవటాన్ని ఇప్పుడు నేను నమ్మను.

చివరికి ఏం తేలిందంటావా? ఏమీ తేలలేదు. రెండు ఊళ్ల మాటా రాసుకున్నారు. వేట నడిచే రోజుల్లో మళ్లీ సర్వే చెయ్యాలి, ఈసారి పడవల్లో కూడా వచ్చి చూడాలి అన్నారు. గడి జరుగుతుందో జరగదో ఢిల్లీ వాళ్లు చెబుతారట. పీపా అక్కడే ఉంది. బాబీ కాగితం అడిగి తెప్పించుకుని చదివాడు. అందులో 'కింద రాయి ఉంది, మా బావ కనిపెట్టాడు' అని ఉంది. మీ నాన్న పేరు కూడా అడిగి రాశారు. ఇంటి పేరుతో సహా. ఇది మీ అమ్మకు చదివి వినిపించు.

మర్నాడు పొద్దున నేను చెప్పినట్టే అయింది. ఎక్కడెక్కడి పడవలన్నీ వచ్చాయి. పీపా చుట్టూ తిరునాళ్లలా ఉంది. కాపలా బోటువాడికి ఎవర్ని తరమాలో తెలియలేదు. ఆ చోటు ఇక నాది కాదు. అలవాటు పడాలి.

మీటింగు అయ్యాక బస్టాండు దగ్గర గంగాధరరావు టీ ఇప్పించాడు. తర్వాత వాడే, "ఇకనుంచి మంగళవారం పోనులే అన్నా" అన్నాడు. నేను టీ తాగుతూ ఆలోచించాను. బుధవారం చేప పలచగా ఎందుకుండేదో అప్పుడు తట్టింది. మంగళవారమంతా వీడు ఊడ్చుకుపోతే ఇక మాకేం మిగులుతుంది? మీ నాన్నేమో చేప పడుకుందని కథలు చెప్పి, తానూ పడుకునేవాడు. ఆయన ఉంటే ఎంత నవ్వేవాడో. నాకు నవ్వు రాలేదు.

"మంగళవారం మానొద్దురా. నువ్వూ నేనూ బుధవారం మానేద్దాం" అన్నాను.

"బుధవారం ఎందుకన్నా?"

"చేప పడుకుంటుంది."

వాడు నా మొహంలోకి చూశాడు. ఇంకేం అడగకుండా సరేనన్నాడు. దీనికి మ్యాపు లేదు, సంతకం లేదు, మీ ఆఫీసు ముద్ర లేదు. కొత్తగా వచ్చిన పడవలవాళ్లకు కూడా ఇద్దరం కలిసి పోయి ఇదే చెప్పాం. కొంతమంది నవ్వారు. ఒకడు మాత్రం మా తాత కూడా ఇలాగే ఏదో అనేవాడు అన్నాడు. ఎంతమంది ఆగుతారో చూడాలి.

ఇవాళ మొదటి బుధవారం. బాబీ వేరే చోటికి పోయాడు. నేను ఆ చోటుకు తప్ప ఇంకెక్కడికీ పోను గనక ఒడ్డున కూర్చుని నీకు రాస్తున్నాను. ఇక్కడి నుంచి అది కనపడదు. కాలవతల నుంచి గంగాధరరావు కూడా పోలేదని గంగరత్నం చూసి వచ్చి చెప్పింది.

రేపు పట్టింది శుక్రవారం పంపుతాను. ఆలస్యమైతే అయింది, వచ్చాక వేడి చేసుకుని తిను.

మీ నాన్న చెప్పింది అబద్ధమని నేను ఖాయంగా అనలేకపోతున్నాను జ్యోతీ. చేప నిజంగానే పడుకుంటుందేమో. ఇన్నేళ్లలో మేం దాన్ని ఒక్కరోజన్నా పడుకోనిస్తే కదా తెలిసేది.

మీ మామయ్య
హనుమయ్య